మూడో వంకాయ

తెల్లవారగానే అత్తగారు కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. కోడలు బుట్టతో గడప దగ్గర నిలబడేది. ఆ పెరట్లో వంకాయలు ఆ పూట తినేవాళ్ళు ఎందరో అన్నే కాసేవి. భగవంతుడు కొందరి పెరటికి తెలివినిస్తాడు, కొందరి పెరటికి పురుగునిస్తాడు. మనం అడగడానికేముంది చెప్పండి? కుళాయి బాగుచేసే మనిషి వచ్చి భోజనానికి ఆగిపోయిన రోజున తెల్లారేసరికే అతని కాయ కూడా వేలాడుతోంది. మామగారు పోయిన ఉదయం నాలుగు కాయాల్సిన చోట మూడే కాశాయి. అప్పటినుంచి రోజుకు మూడు: అత్తగారికి, పాలవ్యాను నడిపే కొడుక్కి, కోడలికి.

కోడలు బట్టలు కుట్టేది. ఆరేళ్ళయినా ఆ గడప దాటి మొక్కల్లో అడుగుపెట్టి ఎరగదు. "నీది మిషను చెయ్యమ్మా, మట్టి చెయ్యి కాదు" అనేది అత్తగారు, నవ్వుతూనే. నవ్వుతూ అన్నమాట మరీ లోతుకు దిగుతుందని సూదితో బతికేవాళ్ళకు వేరే చెప్పాలా?

కిందటి నెల కోడలు ఉండబట్టలేక గడప మీదినుంచే వంగి గోడవారగా ఒక టమాటా మొలక నాటుకుంది. కలుపు అనుకున్నానంటూ అత్తగారు దాన్ని పీకేసింది. ఆ రోజే కోడలి మనసు విరిగింది. సంచి సర్దుకుని మిషను కింద దాచింది. మొగుడు వ్యాను మీద వెళ్ళాక, పది గంటల బస్సుకి అక్కయ్య ఇంటికి పోవాలనీ, మళ్ళీ ఈ గడప తొక్కకూడదనీ నిశ్చయించుకుంది.

వెళ్ళాలనుకున్న ఆ ఉదయం రెండే కాశాయి.

అత్తగారు ఆకులన్నీ ఎత్తి చూసింది. రెండు కాయలూ బుట్టలో వేసి, చేతులు కడుక్కుని, లోపల పనులు చూసుకుని, కొడుకు వ్యాను మీద వెళ్ళాక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి పెరటి మెట్టుమీద కూర్చుంది. కోడల్ని పక్కన కూర్చోమని డబ్బా మూత తీసింది. ఇవి బీరగింజలు, నానబెట్టి నాటాలంది. ఇది వంగవిత్తనం, నారు నాటాక నాలుగు రోజులు ఎండ తగలనీయకూడదంది. కొడుకు అడిగినా కూరలో ఉప్పు మాత్రం పెంచొద్దంది.

"ఇవన్నీ ఇప్పుడెందుకత్తయ్యా?"

"రెండే కాశాయిగా. మీరిద్దరూ పడుచువాళ్ళు. మిగిలింది నేనేగా" అంది అత్తగారు, పక్కవీధికి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా.

బస్సుకి ఇంకో అరగంట ఉంది. నోరు మూసుకుంటే చాలు, వెళ్ళిపోవచ్చు. కానీ ఒక పెద్ద ప్రాణాన్ని చావుకోసం మెట్టుమీద కూర్చోబెట్టి బస్సెక్కడం ఎవరి తరం?

"అది మీరు కాదత్తయ్యా. నేను."

సంచి సంగతి, బస్సు సంగతి, టమాటా మొలక సంగతి అన్నీ చెప్పేసింది.

"పోతున్నానుకదా అని పొద్దున్నే పొయ్యి కూడా తోమిపెట్టాను" అంది అత్తగారు. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "అది కలుపు అనుకోలేదే. టమాటా అని తెలుసు. నావాటికన్నా ఏపుగా లేచింది. అందుకే పీకాను."

డబ్బా కోడలి ఒళ్ళో పెట్టింది.

"వెళ్ళేదానివైతే సగం పట్టుకెళ్ళు. ఉండేదానివైతే మొత్తం నీదే."

వీధి చివర బస్సు హారన్ మోగింది. కోడలు డబ్బా మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. బస్సు వెళ్ళిపోయింది.

పొయ్యి వెలిగించే ముందు కోడలు మొదటిసారి గడప దాటి మొక్కల్లోకి వెళ్ళింది. పొద్దున పువ్వున్న చోట బొటనవేలంత వంకాయ ఉంది.

"సంచి ఇంకా విప్పలేదన్నమాట" అంది అత్తగారు, ఆ బుల్లికాయను చూసి.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు పెద్దకాయలు రెండూ కొడుకు కంచంలో ఒకటి, కోడలి కంచంలో ఒకటి వేసి, ఆ బుల్లికాయ తను వేసుకుంది. అమ్మకి అంత చిన్నదేమిటని కొడుకు అడిగాడు.

"ఇవాళ్టికిది చాల్రా" అంది ఆవిడ. "రేపు ఇంకాస్త పెద్దది కాస్తుంది."