నా నడుం మీది సర్పి

మా గాజువాక వీధిలో నా నోటికి జడవని వాళ్లు లేరు. అదో గొప్ప అనుకునేదాన్ని, నా బుద్ధి కాలా!

మనవరాలు యశస్వినికి ఆటలమ్మ పోసింది. ముందురోజే ఎదురింటి షరీఫున్నీసా కూతురు అనమ్‌కీ పోసింది. ఆ పిల్లలిద్దరూ పొద్దస్తమానం నా దగ్గరే ఆడతారు. ఇంకేముంది, కొంగు దోపి, కుళాయి దగ్గర అందరి ముందూ అందుకున్నాను.

"మీ కొంపలోంచే వచ్చిందే ఈ రోగం! పిల్లకి పొక్కులు లేత్తంటే ఇంట్లో ఎట్టుకోకుండా మా గుంట మీదకి తోలేత్తావేటి?"

"నేదు వదినా, నిన్న సాయంత్రం దాకా దానొంటి మీద ఏటీ నేదు" అంది షరీఫున్నీసా. వింటేగా నేను!

ఆమె జాకెట్లు కుట్టి బతుకుతుంది. నా అరుపులు విన్నాక ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఇచ్చిన గుడ్డలు కూడా వెనక్కి పట్టుకుపోయారు. వాళ్ల మేడ మీదుండే ఇంటాయన నీలకంఠం వాళ్లని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. మంచి పనయింది అనుకున్నాను.

యశస్వినికి జ్వరం దిగకపోతే డాక్టరమ్మకి చూపించాను. ఎదురింటి పిల్ల అంటించిందని అక్కడా మొదలెట్టాను.

"ఒక్కరోజు తేడాలో ఇద్దరికీ వచ్చిందంటే ఒకరి నుంచి ఒకరికి కాదండీ. అంటుకున్నాక పొక్కు లేవడానికి రెండు వారాలు పడుతుంది. ఇద్దరికీ ఒకేచోట అంటుకుని ఉంటుంది. ఈమధ్య మీ ఇంట్లో ఎవరికైనా సర్పి లేచిందా?"

నా చెయ్యి నడుం మీదకు పోయింది. సర్పి నడుం చుట్టూ పాకి తలా తోకా కలిస్తే మనిషి దక్కరంటారు. ఆ భయంతో ఎవరికీ చెప్పకుండా పొక్కుల మీద ఎర్రజాజు పూసుకుని తిరిగాను. ఆ నడుం మీదే పిల్లలిద్దరినీ ఎత్తుకున్నాను.

"నాకే లేచింది, రెండు మూడు వారాలయింది. దానికీ ఆటలమ్మకీ సంబంధం ఏటండీ?"

"రెండూ ఒకే వైరస్. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది."

"అది తగ్గింది గానీ ఒంట్లోంచి పోలేదు. వెన్ను పక్కన నరాల కణాల్లో నిద్రపోతూ ఉంది. దాన్ని అణిచిపెట్టే శక్తి వయసుతోనో జబ్బుతోనో సడలితే మళ్లీ లేస్తుంది. మన కణాల చేతే తన నకళ్లు చేయించుకుని, నరం వెంట చర్మం దాకా వస్తుంది. ఆ పొక్కుల నీరు తగిలితే పసిపిల్లలకి ఆటలమ్మ పోస్తుంది."

భూమి బద్దలైతే అందులోకి దిగిపోదును. నా రోగానికి ఆ తల్లి కూడు పోయింది.

తిరిగొచ్చేసరికి షరీఫున్నీసా సామాను మూట కడుతోంది. గుమ్మంలో నిలబడి, "తప్పయిపోనాది. ఇద్దరికీ నానే అంటించాను" అని గొణిగాను.

ఆమె తలెత్తలేదు. "నాకెందుకండీ చెప్తారు? కుళాయి కాడ చెప్పండి."

ఏనాడూ వదినా అని తప్ప పిలవని మనిషి, నన్ను అండీ అంది. ఆ అండీ దగ్గర నా ప్రాణం చచ్చిపోయింది.

నీళ్లొచ్చే వేళకు వెళ్లాను. ఆడాళ్లంతా బిందెలు పెట్టుకుని ఉన్నారు. చీర పక్కకి తీసి, నడుం మీది మచ్చలు చూపించాను.

"ఈ రోగం నాది. ఆ పిల్లకీ నానే అంటించాను. వాళ్ల తప్పేటీ నేదు."

షరీఫున్నీసా తన గుమ్మంలోంచి మేడ వైపు చూసింది.

"పైన ఇంటాయనకి వినపళ్లేదండీ" అంది.

తల పైకెత్తి మళ్లీ అరిచాను.