సిమెంటు పూసిన గోడ

కింది అంతస్తు తలుపు పొద్దున్నుంచి పట్టేస్తోందని చెల్లెలు ముజ్నా కబురు పంపింది. మట్టి ఇంట్లో తలుపు బిగుసుకుందంటే గోడ కుంగుతోందని అర్థం. మట్టి మేడల ఊరు షిబామ్‌లో పుట్టిన తాపీవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పరుగున వెళ్ళి గోడ అడుగున సుత్తితో తట్టాను. డొల్ల చప్పుడు వచ్చింది. రెండేళ్ళ కిందట ఆ గోడకి సిమెంటు పూసింది నేనే. "మట్టి ఊపిరి పీల్చుకోవాలిరా ఫరజ్, సున్నమే పూయి" అని పని నేర్పిన కరామా మామ మొత్తుకున్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. పైన స్నానాల గది గొట్టం కారింది. ఆ తడి బయటికి పోయే దారి లేక గోడలోనే నానుతూ వచ్చింది. పైన పటారం, లోన లొటారం.

ఆ గోడ మీద ఐదు అంతస్తులున్నాయి. నాలుగో దాంట్లో ముజ్నా, పన్నెండు రోజుల పసిగుడ్డు.

ముజ్నా అత్తగారు బర్కా మెట్లకి అడ్డంగా కూర్చుంది.

"నలభై రోజులు నిండకుండా బాలింత గడప దాటదు. మా అమ్మ దాటలేదు, నేనూ దాటలేదు."

"అత్తా, గోడ నానిపోయింది. ఇప్పుడే దించాలి."

"పూసింది నువ్వే కదా? నూరేళ్ళు ఢోకా లేదన్నావు. నా ఇంట్లో తేనె, రొట్టె తింటూ అన్నావు. అబద్ధం అప్పుడాడావా, ఇప్పుడాడుతున్నావా?"

గుమ్మంలో అప్పటికే ఇరుగుపొరుగు చేరారు. తప్పు నాదంటే ఇక ఈ ఊళ్ళో నన్ను పనికి పిలిచేవాడుండడు. ఆ క్షణంలో కూడా నా పేరు గురించే ఆలోచించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైన పాప ఏడ్చింది.

"అబద్ధం అప్పుడే ఆడాను, అత్తా. తెలియక కూడా కాదు. మామ వద్దన్నా వినకుండా చేశాను."

సిమెంటు అంచున ఉలి దూర్చి అరచేయంత పెచ్చు ఊడదీశాను. లోపల మట్టి ఇటుక మిగల్లేదు. బురద జారి నా పాదాల మీద పడింది.

బర్కా ఆ బురద వంక చూసింది. లేచి పైకెళ్ళింది. పాపని గుండెకి అదుముకుని, ముజ్నా చెయ్యి పట్టుకుని దిగింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తన నల్ల ముసుగు విప్పి ఇద్దరి తలల మీదా కప్పింది.

"నలభై రోజులు నిండేదాకా ఇదే మీ గది. నడవండి."

మిగతావాళ్ళని పొరుగువాళ్ళు దించారు. మధ్యాహ్నం నమాజుకి ముందే ఆ మూల కూలింది. ముజ్నా మంచం ముక్కలై వీధిలో పడింది.

ఎదురింటి అరుగు మీద కూర్చుని బర్కా దుమ్ము అణిగేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇలా ఇంకెన్ని ఇళ్ళకి పూశావు?"

"పదకొండు."

ఆమె పాపని తల్లి ఒళ్ళో పెట్టి లేచింది.

"సుత్తి తీసుకో. నీ మాట ఇక ఎవరూ నమ్మరు. నేనూ వస్తాను."