కొవ్వు మాట

మరిగే నూనెలోకి నర్సింగమ్మ కుడిచేత్తో పిండిలో ముంచిన మిరపకాయలు వదులుతోంది. ఎడమచెయ్యి ఒడిలో పడేసుకుంది. మొన్న నూనె చింది మోచేతి కింద లేచిన బొబ్బ, పూసిన పసుపు కింద నల్లబడి చీము పట్టింది. ఎర్రటి చార ఒకటి చంకదాకా పాకింది.

మక్తల్ బస్టాండు పక్క హోటల్లో ఆ పొయ్యి ముందరే ఆమె బతుకు మాడింది. తిండి అంటే జల్లిగంటెలో మిగిలిన పిండి తునకలు, నూనె కారుతూ ఉంటాయి. పారేసేవాటికి యజమాని నూరుద్దీన్ మాత్రం ఎందుకు అడ్డు చెబుతాడు? కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. తెల్లబట్ట అవుతోందని పోతే ఒక ప్రైవేటు దవాఖానలో గర్భసంచి తీసి పంపారు. నలభై నిండకుండానే ముట్లుడిగాయి. పొయ్యి ఆరినా ఒంట్లో ఆవిర్లు ఆరవు.

మధ్యాహ్నం బేరం సన్నగిల్లాక సర్కారు దవాఖానకు పోయింది. డాక్టరు ప్రమీలమ్మ కోస్తా మనిషి. చెయ్యి చూడగానే ఆమె మొహం మారింది. కడుపు మీద కుట్ల గుర్తు తడిమి, ఏం తింటావని అడిగింది.

"సంచితో పాటు అండాశయాలూ తీసేశారమ్మా. వాటిలో ఊరే రసం జబ్బుతో పోట్లాడే బలానికి తోడుండేది. అది పోయింది. దానికి తోడు రోజూ ఈ నూనె ముద్దలు. ఒంట్లో ఉన్న కాపలావాళ్లు కూడా మత్తుగా పడుకున్నారు. చీము నెత్తురులోకి పోతోంది. నీకు కొవ్వు బాగా ఎక్కువైంది. అది దించాలి. ముందు సూదులు వేయించుకుని ఇక్కడే పడుకో."

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

నర్సింగమ్మ చెవిలో ఒక్క మాటే నిలిచింది. పొలం పనిలో కూలి పెంచమన్ననాడు ఊళ్లో దొర అన్న మాట అది. ఎందుకు తంతున్నవని అడిగిననాడు మొగుడు కాటమయ్య అన్న మాట, అదే అని ఆమెను వదిలేసి పోయాడు. జీవితంలో నోరెత్తింది మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ వచ్చిన జవాబు అదే.

"నా కొవ్వు దించుడు నా మొగనితోనే కాలె. నువ్వు దించుతవా, అమ్మా?" అని లేచింది.

"ఆగమ్మా, సూది..." అని డాక్టరు వెంట వచ్చింది. నర్సింగమ్మ వెనక్కి చూడలేదు.

మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. వేడి మొహాన కొడుతున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. మిరపకాయ చేతిలోంచి జారి బూడిదలో పడింది. ఉల్లిగడ్డలు కోసే అజీజా బేగం కత్తిపీట వదిలి వచ్చి నుదురు ముట్టుకుంది.

"గీ జ్వరమేంది? డాక్టరమ్మ ఏమన్నది?"

"కొవ్వెక్కిందన్నది."

"గంతేనా? ఇంకేమన్నది? జర సక్కగ చెప్పు."

"ఏందో రసం పోయిందట, నూనె ముద్దలట, కాపలోళ్లు పండుకున్నరట. నాకేం ఎరుక? కొవ్వు దించుకోమన్నదక్కా, అందరి ముంగట."

అజీజా నెత్తి కొట్టుకుంది. "పాగల్ దానా, నీ పొగరు సంగతి గాదు. నువ్వు తినే నూనె సంగతి. కడుపుల పేరుకున్నదే, గా కొవ్వు."

నర్సింగమ్మ మూకుడులో మరిగే నూనె వైపు చూసింది. మెల్లగా నవ్వింది. "గట్లనా. మరి నూనె అనొద్దా? ఉత్తగ తిట్టినగద ఆమెను."

"నడువు, మాఫీ అడుగుదువుగాని. ముందుగాల సూదెయ్యనీ."

రిక్షాలోనే నర్సింగమ్మ మాట తడబడింది. దవాఖానలో ప్రమీలమ్మ ఆమెను మంచం మీద పడుకోబెట్టింది. సూదులు వేసింది, సెలైన్ సీసా కట్టించింది, మంచం పక్కనే నిలబడింది. నర్సింగమ్మ ఆమె కొంగు పట్టుకుని ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి. సీసా సగం కాకముందే కొంగు పట్టిన వేళ్లు వాటంతటవే వదులయ్యాయి.

దీపాలు పెట్టే వేళకు అజీజా హోటలుకు ఒక్కతే తిరిగొచ్చింది. పొయ్యి ఎవరో ఆర్పేశారు. మధ్యాహ్నం తను రిక్షా పిలవడానికి పోతూ, "ఇకనుంచి గిదే తినాలె నువ్వు" అని తన మూటలోంచి తీసి నర్సింగమ్మ చేతిలో పెట్టిన జొన్నరొట్టె పీట మీద ఉంది. చుక్క నూనె తగలని రొట్టె, ఒక అంచున చిన్నగా కొరికి ఉంది.