దొరికిందని రాయించిన కుక్క

జూలై రెండో మంగళవారం పొద్దున, పోలండ్‌లో, రైలు పట్టాల అవతల ఉన్న మా ఊరి కుక్కల శరణాలయం గేటు ముందు ఒకావిడ చంకలో చిన్న కుక్కను పెట్టుకుని నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. లోపల గిన్నెల్లో తిండి పోస్తున్న యద్విగా చేతులు తుడుచుకుంటూ వచ్చి గేటు తీసింది.

"బస్‌స్టాపు దగ్గర దొరికిందండీ. పాపం, ఎవరిదో ఏమో!" అంది ఆవిడ.

"ఏ బస్‌స్టాపు?"

"అదే... మార్కెట్టు దగ్గరది. పనికెళ్తూ చూశాను."

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?"

"నాకెలా తెలుస్తుందండీ?"

నారింజ రంగు ఉన్ని ఉండలాంటి పొమరేనియన్ అది. బొచ్చు శుభ్రంగా దువ్వి ఉంది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. దారిన దొరికిన ఆ కుక్క తనను దొరికించుకున్నావిడ మణికట్టును అదే పనిగా నాకుతోంది. యద్విగా అది చూసింది. చూసి కూడా రిజిస్టరు తెరిచి "దొరికిన కుక్క" అని రాసింది. పేరు అడిగితే ఆవిడ పుట్టింటి ఇంటిపేరు చెప్పి సంతకం పెట్టింది. గబగబా బస్సు వైపు నడిచింది. ఆవిడ మలుపు తిరిగేదాకా కుక్క గేటు ఊచల మధ్య ముక్కు పెట్టి ఏడ్చింది.

పాఠకులకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెంచుకున్న కుక్కను శరణాలయంలో వదలడం మా దగ్గర నేరమేమీ కాదు. వచ్చి, "పెంచలేకపోతున్నాను" అని కాగితం మీద కారణం రాసి, పశువైద్యుడి టీకాల పుస్తకం ఇచ్చి, యద్విగా చేత నాలుగు చీవాట్లు తిని వెళ్ళవచ్చు. ఆ నాలుగు చీవాట్లు తినడానికి మొహం చెల్లక, చాలామంది "దొరికింది" అంటారు. దొరికిన కుక్కకు పద్ధతి వేరు. దాన్ని పద్నాలుగు రోజులు ఎవరికీ ఇవ్వరు, యజమాని వెతుక్కుంటూ వస్తాడేమోనని ఉంచుతారు. ఎన్నటికీ రాని యజమాని కోసం ఆ కుక్క పద్నాలుగు రోజులు ఊచల వెనక ఉండాలి. దాని పేరేమిటో, ఏం తింటుందో, ఏం జబ్బుందో ఎవరికీ తెలియదు.

యద్విగా అక్కడ పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. ఒకప్పుడు ఆ గదుల నిండా పల్లెల్లో గొలుసుకు కట్టేసి పెంచిన పెద్ద కుక్కలే ఉండేవి. ఇప్పుడో! మూతి అణిగిన బుల్‌డాగులు, అరచేతిలో పట్టే చివావాలు, జుట్టుకు రిబ్బను కట్టిన యార్క్‌షైర్లు. అన్నీ ఫోటోల్లో ముద్దుగా కనిపించేవే, అన్నీ ఏడాది నిండనివే. జూలై రాగానే ఇవి వరసగా దిగుతాయి. శరణాలయంలో పనివాళ్ళు వీటికి "మే నెల కుక్కలు" అని పేరు పెట్టుకున్నారు. మే నెలలో ఏముంటుందో మా పోలండ్‌లో ఎవరినడిగినా చెబుతారు. తొమ్మిదేళ్ళ పిల్లలు తెల్ల గౌన్లు, తెల్ల చొక్కాలు వేసుకుని చర్చిలో మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే గురువు ఇచ్చే పవిత్రమైన అప్పం, తీసుకునే నెల అది. ఆ తరువాత విందు. విందు తరువాత కానుకలు. మా చిన్నప్పుడు జపమాలో, చేతి గడియారమో ఇచ్చేవారు. ఇప్పుడు జ్ఞానతండ్రులు, అంటే బాప్తిస్మం నాడు పిల్లల బాధ్యత తీసుకున్నవాళ్ళు, ఒకరిని మించి ఒకరు గొప్పలకు పోతున్నారు.

కుక్కను వదిలి వెళ్ళిన ఆవిడ పేరు ఇలోనా. ఆస్పత్రి వంటగదిలో పని. భర్త లారీ డ్రైవరు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. ఒక్కతే కూతురు, బ్లాంకా. ఆ పిల్ల విందు మే నెల మూడో ఆదివారం జరిగింది. కోడి చారు తాగి, మాంసం వడ్డన కోసం అందరూ చూస్తున్న వేళ, బ్లాంకా మేనమామ రెమిక్ తెల్ల బుట్ట ఒకటి పట్టుకుని లోపలికి వచ్చాడు. జ్ఞానతండ్రి కూడా అతనే. టైర్ల దుకాణం బాగా నడుస్తోంది. కిందటేడు పక్కింటి పిల్లాడికి వాళ్ళ జ్ఞానతండ్రి పిల్లలు తోలే నాలుగు చక్రాల మోటారుబండి ఇచ్చాడని అతని కడుపుమంట. బుట్టలోంచి తెల్ల రిబ్బనుతో ఈ కుక్కపిల్ల తల ఎత్తింది. చప్పట్లు, కేరింతలు, చేతికొక ఫోను.

ఇలోనా అన్నను పక్కకు లాగింది. "అన్నయ్యా, ఒక్క మాటైనా అడగలేదేం? దీన్ని ఎవరు చూస్తారు?"

"బొమ్మంత ఉంది, దీనికి చూసేదేముందే! గుప్పెడు తిండి వేస్తే మూల పడుంటుంది."

"పొద్దున్నే నేను పనికి, బ్లాంకా బడికి..."

"ఇంతమందిలో నా పరువు తీయకు చెల్లీ. అటు చూడు, పిల్ల మొహం ఎలా వెలిగిపోతోందో!"

పిల్ల మొహం నిజంగానే వెలిగిపోతోంది. ఇలోనా మాంసం వడ్డించడానికి వెళ్ళిపోయింది. బ్లాంకా దానికి పోంచెక్ అని పేరు పెట్టింది, అంటే జామ్ పెట్టి నూనెలో వేయించే గుండ్రటి తీపి రొట్టె. ఆ పేరు దానికి అచ్చంగా సరిపోయింది.

బొమ్మంత అన్న ఆ కుక్క మూల పడి ఉండలేదు. రోజూ ఎనిమిది గంటలు ఒంటరిగా ఉండి, ఎనిమిది గంటలూ అరిచింది. పై అంతస్తులో ఉండే జెనాన్ ముసలాయన గరిటె తీసుకుని గది వేడిచేసే పైపు మీద టంగుటంగున కొట్టేవాడు. ఆ చప్పుడు నాలుగంతస్తులకూ వినపడేది. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ ఇలోనాను అదోలా చూసేవారు. జూన్‌లో కుక్కకు దగ్గు మొదలైంది. దగ్గు తెర వస్తే నాలుక నీలంగా తిరిగేది. వైద్యుడు చూసి, ఈ జాతిలో చాలావాటికి గొంతు గొట్టం బలహీనంగా ఉంటుందని, మెడకు పట్టీ వేస్తే ఊపిరి ఆడదని, ఛాతీ చుట్టూ వేసే పట్టీయే వాడాలని చెప్పాడు. ఆ మాట తల్లికంటే కూతురే శ్రద్ధగా విన్నది. ఇంతలో అరుపుల గురించి అపార్ట్‌మెంటు సంఘం నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. వేసవి సెలవుల కోసం చలికాలంలోనే మాట్లాడి పెట్టుకున్న సముద్రం ఒడ్డు బసవాళ్ళేమో కుక్కలు రాకూడదన్నారు. ఇలోనాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అన్నకు ఫోను చేసి, కొన్నాళ్ళు ఉంచుకోమని అడిగింది. "ఇచ్చిన కానుక వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటుందే! అయినా నాకు కుక్క బొచ్చు పడదు" అన్నాడు రెమిక్.

బ్లాంకా చర్చివాళ్ళ వేసవి శిబిరానికి వెళ్ళిన వారంలో ఇలోనా ఆ పని కానిచ్చేసింది. శుక్రవారం పిల్ల తిరిగి వచ్చాక, "తలుపు తీసి ఉంటే పారిపోయిందమ్మా" అని చెప్పింది. రెండు రోజులు ఏడుస్తుంది, సముద్రం చూస్తే మరిచిపోతుంది అనుకుంది. ఇలోనా చెడ్డ మనిషి కాదు. అలిసిపోయిన మనిషి. అయితే అలసటలో చేసినా తప్పు తప్పే.

బ్లాంకా ఎక్కువసేపు ఏడవలేదు. రంగు పెన్సిళ్ళు తీసుకుని కూర్చుని, నలభై కాగితాల మీద పోంచెక్ బొమ్మ గీసింది. "తప్పిపోయింది. మెడ పట్టుకోవద్దు, ఊపిరి ఆడదు" అని రాసింది. బొమ్మలు అంటించడానికి తల్లి జిగురు డబ్బా పట్టుకుని వెంట నడవాల్సి వచ్చింది. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, ఆ అక్షరాలు చదువుతూ, కాగితం వెనక జిగురు రాసింది. పైపు మోగించే జెనాన్ ముసలాయన కూడా కుంటికాలితో నాలుగంతస్తులు దిగి వచ్చాడు.

"నాకూ పది ఇవ్వవే. మార్కెట్టు వైపు నేను అంటిస్తా."

"మీకు పోంచెక్ అంటే పడదుగా తాతా?"

"అరుపంటే పడదు. కుక్క మీద నాకేం కోపం?"

తరువాతి గురువారం ఆ జెనానే తలుపు దబదబా బాదాడు. చేతిలో మనవడు కొనిచ్చిన ఫోను. "దొరికిందే బ్లాంకా! చూడు, శరణాలయంవాళ్ళు ఫోటో పెట్టారు. యజమాని కోసం చూస్తున్నారట!"

పిల్ల గంతులు వేసింది. ఇలోనా సంచి భుజాన వేసుకుంది. వద్దనడానికి ఏ కారణం చెబుతుంది? జెనాన్ కూడా వెంట బయలుదేరాడు. దారిలో బ్లాంకా కొట్టు దగ్గర ఆగి, తన డబ్బుతో చాక్లెట్ల పెట్టె కొన్నది.

"అది ఎందుకమ్మా?" అడిగింది ఇలోనా.

"దొరికించినవాళ్ళకి. థాంక్స్ చెప్పాలిగా!"

శరణాలయం గేటు తీసిన యద్విగా ముందు పిల్లను చూసింది. తరువాత తల్లిని చూసింది. తల్లి తల దించుకుంది. యద్విగా పిల్ల చెయ్యి పట్టుకుని వెనక గదుల వైపు నడిపించింది.

పోంచెక్ వెనక గదిలో ఉంది. వారం రోజులుగా దగ్గుతోంటే అంటుజబ్బు అనుకుని విడిగా పెట్టి, దానికి మందు వేస్తున్నారు. బయట తిప్పేటప్పుడు అన్ని కుక్కలకూ వేసినట్టే మెడకు పట్టీ వేశారు. ఆ ముందురోజు దగ్గు తెరలో అది పక్కకు పడిపోయింది కూడా. గది తలుపు తీయగానే బ్లాంకా కేక పెట్టింది.

"పట్టీ తీసేయండి! మెడకి వేయకూడదు! దానికి గొంతు గొట్టం బాగాలేదు, డాక్టరు చెప్పాడు!"

యద్విగా గబుక్కున వంగి పట్టీ విప్పింది. పోంచెక్ బ్లాంకా ఒళ్ళోకి పాకింది. తోక ఆడించే ఓపిక లేదు, ముక్కు మాత్రం ఆ పిల్ల మోచేతి వంపులో దూర్చింది. యద్విగా లేచి, "మాకెవరూ చెప్పలేదమ్మా. చెప్పి ఉంటే దీనికి ఈ పాట్లు ఉండేవి కావు" అంది. చెప్పాల్సిన మనిషి వైపు మాత్రం చూడలేదు.

బ్లాంకా చాక్లెట్ల పెట్టె పైకెత్తింది. "దీన్ని దొరికించింది ఎవరండీ? వాళ్ళిల్లు ఎక్కడ? నేనే వెళ్ళి ఇస్తాను."

పక్క గదుల్లో కుక్కలు మొరుగుతున్నాయి. ఇలోనా గోడకు ఆనుకుంది.

"ఎవరూ దొరికించలేదు బ్లాంకా. నేనే తెచ్చి వదిలేశాను."

"అంటే... పారిపోలేదా?"

"లేదు."

"మరి నువ్వు నాతో కాగితాలు అంటించావుగా అమ్మా?"

ఇలోనా ఏడ్చింది. జెనాన్ టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఒక కుక్కను వదిలేయడం కంటే, ఆ ప్రశ్నే ఇలోనాను ఎక్కువ కాల్చింది.

యద్విగా అందరినీ ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, రిజిస్టరు తెరిచింది.

"ముందు ఈ వరస కొట్టెయ్యమ్మా. నీ అసలు పేరు రాయి. వైద్యుడేం చెప్పాడో రాయి. ఆ తరువాత చూద్దాం. నిన్నొక్కదాన్నే అనను. ఆ రోజే నాకు తెలుసు అది నీ కుక్కేనని. గట్టిగా అడిగితే తీసుకెళ్ళి అడవిలో చెట్టుకి కట్టేస్తారేమోనని భయపడి, మీలాంటివాళ్ళు చెప్పిన అబద్ధమే రాసుకుంటూ వస్తున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది."

ఇలోనా ఆ వరస కొట్టేసి, విందులో అన్న తెచ్చిన కానుక సంగతి చెబుతూ నిజం రాసింది. "ఇంటికి తీసుకెళ్తాను" అంది.

"తీసుకెళ్ళు, నీ కుక్క. కానీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇంట్లో ఎవరుంటారు?"

ఇలోనా జెనాన్ వైపు తిరిగింది. "నేను చూద్దునమ్మా," అన్నాడు జెనాన్, "ఈ కాలితో రోజుకి మూడుసార్లు మెట్లు దిగలేను."

బ్లాంకా కుక్క చెవులు నిమిరింది. తరువాత యద్విగాను అడిగింది.

"బడి తెరిచాక మళ్ళీ ఒక్కతే ఉంటుందా?"

"ఉంటుంది తల్లీ."

"అరిస్తే దగ్గొస్తుంది. దగ్గొస్తే ఎవరూ ఉండరు."

"ఉండరు."

"ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాళ్ళు ఎవరైనా దొరుకుతారా?"

"నిజం రాస్తే దొరుకుతారు. ఉద్యోగాలు మానేసి ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు అడుగుతూనే ఉంటారు. జబ్బు దాచి ఇచ్చిన కుక్కలే నా దగ్గరికి తిరిగొస్తాయి. చూడమ్మా, ఈ కుక్కలు చిన్నవని జనం అనుకుంటారు. వీటి ఆకలి చిన్నది కాదు, జబ్బు చిన్నది కాదు, పదిహేనేళ్ళ ఆయుష్షూ చిన్నది కాదు. విందులో ఫోటో దిగినంత సేపు ముద్దొస్తాయి. ఆ తరువాతి రోజు నుంచి ఎవరు చూస్తారని ఇచ్చేవాడూ అడగడు, పుచ్చుకునేవాళ్ళూ అడగరు. మీ మామయ్యది ఆ తప్పే. అందరి ముందూ వద్దనలేకపోవడం మీ అమ్మ తప్పు."

"అయితే అలాంటివాళ్ళకే ఇవ్వండి" అని బ్లాంకా కాగితం, పెన్సిలు అడిగి తీసుకుంది. ఇలోనా పక్కన కూర్చుని, అక్షరం తప్పయిన చోట చెప్పబోయి ఆగిపోయింది. చాక్లెట్ల పెట్టెను బ్లాంకా తెరవకుండానే యద్విగా బల్ల మీద పెట్టేసింది. రాసిన కాగితాన్ని యద్విగా ఆ సాయంత్రమే పోంచెక్ గది తలుపుకు అంటించింది. కుక్కను చూడడానికి వచ్చేవాళ్ళు ఇప్పుడు ముందు దాన్ని చదువుతారు.

"దీని పేరు పోంచెక్. వయసు ఏడు నెలలు. మెడకి పట్టీ వేయకండి, ఛాతీకి వేయండి. ఒక్కదాన్నే వదిలితే భయపడుతుంది, అందుకే అరుస్తుంది. ఉడికించిన క్యారెట్ ఇష్టం. ఇది దారిలో దొరకలేదు, మేమే పెంచలేక వదిలాం. రోజంతా ఇంట్లో ఉండేవాళ్ళే తీసుకెళ్ళండి. దీన్ని ఎవరికీ కానుకగా మాత్రం ఇవ్వకండి."