దుప్పి కళ్ళు మూసిన పేజీ

శనివారం పొద్దున దరింకా పనంతా ఉల్లిపాయలతోనే. బ్రెజ్నిక్ వేటగాళ్ళ సంఘం ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా గోలాష్ అనే మాంసం పులుసు వండేది ఆవిడే. ఎంత మాంసముంటే అంత ఉల్లిపాయ పడాలి, లేకపోతే వేటగాళ్ళు ముఖాలు ముడుచుకుంటారు. తరగడం అయ్యాక హాల్లోకి వెళ్ళి గోడ మీది దుప్పి తలకి దుమ్ము దులిపింది.

సంఘం పుట్టిన ఏడాది కొట్టిన దుప్పి అది. దాని ముందు ఎవరైనా అబద్ధమాడితే కళ్ళు మూసుకుంటుంది. అందుకే వేటగాళ్ళు తమ గొప్పలన్నీ బయట అరుగు మీదే చెప్పుకుంటారు. అక్కడ నక్క తోడేలవుతుంది, కుందేలు దూడంత అవుతుంది. లోపలికొస్తే మాత్రం వానల గురించే మాట్లాడతారు.

ఆ సాయంత్రం వందేళ్ళ పండుగ. సంఘం చరిత్ర అచ్చుకి పోయే ముందు, పెద్ద అయిన స్రేచ్కో దాన్ని అందరికీ చదివి వినిపించాలి. దరింకా భయమంతా అందులో ఒక్క వాక్యం గురించే. నలభై ఒక్కేళ్ళ కిందట, వేటలో అరుస్తూ జంతువుల్ని తోలుతున్న తినె అనే అతని కాలికి గుండు తగిలింది. వేట ముగిసినట్టు బూర ఊదేదాకా ఎవరూ తమ కాపు చోటు వదలకూడదు. ఇజిదోర్ వదిలొచ్చి కాల్చాడని అప్పటి పెద్ద యెర్నేయ్ తీర్మానం రాసి, ఆయన్ని సంఘంలోంచి తీసేశాడు. యెర్నేయ్ ఈ స్రేచ్కో తండ్రే, పోయి పదేళ్ళయింది. ఇజిదోర్ దరింకా నాన్న. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, మూడేళ్ళుగా మంచం దిగలేదు. ఆ వాక్యం అచ్చయితే ఆయన పోయాక కూడా ఊళ్ళో మిగిలేది ఆ నిందే.

"ఆ ముక్క తీసెయ్, స్రేచ్కో," అని మధ్యాహ్నం అడిగింది.

"పాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలక్కా. బాబాయే మంచాన పడకముందు ఒకసారి వచ్చి దుప్పి ముందు చెప్పి ఉండొచ్చుగా?"

"నా మాట చాలదా, చచ్చిన దుప్పి సాక్ష్యం కావాలా అంటాడు. ఆయన మొండితనం నీకు తెలీదా?"

సాయంత్రం హాలు నిండిపోయింది. స్రేచ్కో చదువుతూ పోయాడు. మొదటి వేట, యుద్ధం, మంచుకి కూలిన కప్పు. దుప్పి కళ్ళు తెరిచే ఉంది. ఇజిదోర్ వాక్యం దగ్గర మూసుకుంది.

చెంచాలు ఆగిపోయాయి. స్రేచ్కో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. దుప్పి కళ్ళు తెరవలేదు.

"ఇన్నేళ్ళలో ఇది ఇక్కడ ఎవరూ చదవలేదా?" అన్నాడు.

"లేదు," అన్నాడు చేతికర్ర పట్టుకుని మూల కూర్చున్న ముసలి తినె. "మీ నాన్న అరుగు మీదే చదివాడు. జడివాన. అయినా మమ్మల్ని లోపలికి రానివ్వలేదు."

అది అబద్ధమని రాసిన నాన్నకే తెలుసని స్రేచ్కోకి అర్థమైంది. ముఖం పాలిపోయింది. దుప్పి వైపు తిరిగి, ఒక్కో మాటే కూడదీసుకున్నాడు.

"కాల్చింది మా నాన్న."

దుప్పి కళ్ళు తెరిచింది. దరింకా అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. నలభై ఏళ్ళ బరువు దిగిపోయి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. స్రేచ్కో కలం తీసి ఆ వాక్యం కొట్టేశాడు.

మర్నాడు అతను ఇజిదోర్ మంచం పక్కన టోపీ తీసి నిలబడి అంతా చెప్పాడు. క్షమించమన్నాడు.

ముసలాయన కిటికీ వైపు తిరిగాడు.

"ఆ రోజు మీవాళ్ళంతా తినెని మోసుకుని ఆస్పత్రికి పోయారు. బూర ఊదడం మర్చిపోయారు. చీకటి పడేదాకా నేను నా చోట్లోనే నిలబడ్డాను. వచ్చేసరికి తీర్మానం అయిపోయింది."

స్రేచ్కో కారు దగ్గరికి వెళ్ళి బూర తెచ్చాడు. వాకిట్లో నిలబడి, వేట ముగిసిందని చెప్పే ఊదుడు మొదటినుంచి చివరిదాకా ఊదాడు.

ఇజిదోర్ పూర్తిగా విన్నాడు.

"సరే, ఇక కదలొచ్చు," అని దుప్పటి తీసి, మంచం మీంచి కాళ్ళు కిందికి దించాడు.