తొమ్మిదో ఫారం

పుస్తకాలు కుట్టే అక్కకి ఆ రోజు చేతులు ఆడలేదు. బల్ల మీదున్నది స్వయానా చెల్లెలి పుస్తకం. చిన్నతనం అంతా రాసిందట. రాస్తే రాసింది, ఆ తొమ్మిదో ఫారంలో అంత నిజం రాయాలా?

అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. మడవబోతూ అక్క ఒక పేజీ చదివింది. తల్లి లేని ఇల్లు. చిన్నది నోరు విప్పి కథ చెబితే చాలు, "అబద్ధాలకోరు" అని తండ్రి సామాన్ల గదిలోకి తోసేవాడు. తోసి ఊరుకున్నాడా మహానుభావుడు! తాళం పెద్దదాని చేత వేయించేవాడు. పేజీ చివర "తాళం వేసింది మా అక్క" అని ఉంది. అంతే, అక్కకి తల కొట్టేసినట్టయింది. రేపు ఊరంతా చదువుతుంది. ఆ ఫారం కట్టలన్నీ బల్ల కింద చిత్తుకాగితాల్లో దాచేసింది.

మధ్యాహ్నం చెల్లెలు రానే వచ్చింది. వెనకే ప్రెస్సు ఓనరు కేక: "తొమ్మిదో ఫారం ఏదమ్మా? అది లేకుండా ఎలా కుడతాం?"

"వెతుకుతానండీ," అంది అక్క. ఆయన వెళ్ళాక వంగి ఒక కాగితం లాగింది. "నేనే దాచానే. తాళం వేసింది నేనేగా. అప్పటికి పన్నెండేళ్ళదాన్ని, నాన్నంటే భయమేసింది."

"వెనక పేజీ చదివావా?"

"లేదు."

"ఇరవయ్యేళ్ళుగా ఇదే పనిలో ఉన్నావ్, కాగితం తిప్పాలని తెలీదూ?"

అక్క తిప్పి చదివింది. గదిలో తలుపు కింద సందులోంచి మాత్రమే వెలుతురు. ఆ సందులోంచి సరుకులు కట్టిన కాగితం ముక్కలు, అరిగిపోయిన పెన్సిలు లోపలికొచ్చేవి. చిన్నది బోర్లా పడుకుని రాసేది. బస్తాలు కొండలయ్యాయి. ఎలుక ఉత్తరాలు పంచింది. చిరిగిన గొడుగు తెరచాప అయ్యి ఓడ కదిలింది. అమ్మమ్మో! తాను బయట నిలబడి చూసింది ఒక్క తలుపే. దాని అవతల తొమ్మిదేళ్ళ పిల్ల ఒక లోకమే కట్టేసింది! అక్క తన చేతుల వంక చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

"ఇదంతా ఆ గదిలోనేనా?"

"ఆ గదిలోనే. నువ్వేసిన కాగితాల మీదే."

"నువ్వు ఇన్ని కథలు రాస్తావని వేశానా ఏంటే! నీ ఏడుపు నాన్న చెవిన పడితే చంపేస్తాడని, ఏ పిచ్చిగీతలో గీసుకుంటూ నోరు మూసుకుంటావని వేశాను."

చెల్లెలు వంగి మిగతా కట్టలు బల్ల మీదకి ఎత్తింది.

"ఏడుపు ఆగిందిగా, అక్కా."

అక్క కళ్ళు తుడుచుకుని తొమ్మిదో ఫారం మడిచింది.