అడ్మిన్ జాబితాలో రెండో పేరు

మూడో గోదాము కంప్యూటర్‌లోకి వెళ్లడానికి ఆయన పాస్‌వర్డ్ కొట్టబోతుంటే, పక్క సీటు గుమాస్తా మర్యాదగా గోడవైపు తిరిగింది. అటు తిరగకపోతే ఆయన వేళ్లు కదలవని ఆఫీసంతటికీ తెలుసు. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనా అని తెర అడిగింది. ఎప్పటిలాగే వద్దన్నాడు. ఊళ్లూళ్లా ఉన్న మందుల గోదాముల కంప్యూటర్లన్నిటినీ ఈ కుర్చీలోంచి కదలకుండా తెరిచి బాగుచేయడం ఆయన పని. పొట్టి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, మోచేతుల దగ్గర పలచబడ్డ స్వెటరు. అందరూ తాళాలాయన అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనేమీ అనుకోడు.

ఆ పని కాగానే లేచి గదులన్నీ ఓ చుట్టు చుట్టాడు. బిల్లింగు అమ్మాయి కీబోర్డు కింద అంటించుకున్న పాస్‌వర్డ్ చీటీ పీకి ఆమె చేతిలోనే పెట్టాడు.

"మాత్రలా మింగెయ్యనా బాబాయ్?" అందామె.

"మింగి, నీళ్లు కూడా తాగు," అన్నాడు.

ఈ జాగ్రత్తలన్నీ ఆయనకు నేర్పింది భార్యే. ఆమె కూడా ఇదే గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర పనిచేసేది. సర్వర్లమీద అడ్మిన్ అధికారం, అంటే దేన్నైనా తెరిచే, మార్చే అధికారం, వాళ్లిద్దరికే ఉండేది. మామూలు పనికి ఒక ఖాతా, అడ్మిన్ పనికి వేరే ఖాతా అన్న పద్ధతి పెట్టింది ఆమే. "వంటయ్యాక గ్యాసు కట్టేస్తాం కదా, అలాగే పనయ్యాక దాంట్లోంచి బయటికొచ్చెయ్యాలి," అనేది. అంత కాపురంలోనూ ఒకరి పాస్‌వర్డ్ ఒకరికి చెప్పుకోలేదు. ఆఖరి వారంలో, ఆసుపత్రి మంచంమీద, ఆమె తనంతట తనే, "చెప్పెయ్యనా?" అని అడిగింది. "రూలు పెట్టిందే నువ్వు. నయమయ్యాక వచ్చి నువ్వే కొట్టుకుందువుగాని," అన్నాడు. ఆమె నవ్వింది. ఆ తర్వాత ఇంటికి రానేలేదు.

ఎవరు ఉద్యోగం మానేసినా ఆ సాయంత్రమే ఖాతా తీసేసే మనిషి, ఆమెది మాత్రం తీయలేకపోయాడు. అడ్మిన్ల జాబితా తెరిస్తే తన పేరు కింద ఆమె పేరు కనిపించేది. రోజూ ఏదో వంకతో తెరిచేవాడు. అలా ఉంచడం తప్పని తెలుసు. మనసొప్పలేదు, అంతే.

మధ్యాహ్నం, భద్రత చూసుకునే కొత్త అధికారిణి ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఈ రెండో అడ్మిన్ ఖాతా ఎవరిది? రాత్రి బయటినుంచి ఎవరో దీంతో లోపలికి రావాలని పదే పదే చూశారు. పాస్‌వర్డ్ కుదరలేదు కాబట్టి సరిపోయింది."

ఆమె చూపించిన తెరనిండా ఆయన భార్య పేరే, పక్కనే విఫలం, విఫలం అని. ముక్కూమొహం తెలియనివాడెవడో రాత్రంతా ఆవిడ పేరు చెప్పుకుని తలుపు తట్టాడు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. అంతలోనే సిగ్గేసింది. ఆ తలుపు అలా వదిలింది తనే.

"మా ఆవిడదమ్మా. పోయి రెండేళ్లయింది," అన్నాడు.

అధికారిణి గొంతు తగ్గించింది. "పోనీ, పనిచెయ్యకుండా ఆపేసి ఉంచుదాం సార్. తీసెయ్యక్కర్లేదు. పైవాళ్లకు నేను సర్దిచెప్తాను."

ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మౌస్‌మీద చెయ్యి వేశాడు. సరే అనేస్తే సరిపోతుంది. ఆవిడ పేరు ఉంటుంది.

"ఆపి ఉంచినదాన్ని ఎవరైనా మళ్లీ లేపొచ్చు తల్లీ," అన్నాడు చివరికి. "వేరేవాళ్లదైతే ఉంచుతావా అని అడుగుతుంది మా ఆవిడ."

కళ్లజోడు పెట్టుకున్నాడు. ముందు అడ్మిన్ అధికారం తీసేశాడు. ఖాతా తొలగించమన్నాడు. నిజంగా తొలగించాలా అని తెర అడిగింది. ఔనని నొక్కాడు. ఏ చప్పుడూ కాలేదు. ఆఫీసు ఖాతాలన్నీ ఉన్న జాబితాలో కింది పేరు ఒక వరస పైకి జరిగింది. ఆయనకు ఏడుపొచ్చింది. దగ్గినట్టు చేసి మొహం తుడుచుకున్నాడు.

ఇంటికెళ్లే ముందు, పాత సర్వర్‌లో ఆమె ఎప్పుడో చేసిపెట్టిన ఫోల్డర్ తెరిచాడు. గోదాముల్లో మందులు చల్లగా ఉన్నాయో లేదో చెప్పే లెక్కలు ఇప్పటికీ గంట గంటకూ అందులోనే వచ్చి పడుతున్నాయి. ఇన్నాళ్లూ దాని యజమానిగా ఆమె పేరే ఉండేది. ఖాతా పోతే ఆ పేరు ఇక్కడ కూడా కనబడదని తెలుసు. తెలిసీ చూశాడు. తర్వాత పద్ధతి ప్రకారం బయటికొచ్చి, లైటు ఆర్పి వెళ్లిపోయాడు.

ఫోల్డర్ అక్కడే ఉంది, యజమాని అన్నచోట పేరుకు బదులు, ఎవరిదో చెప్పని ఓ పొడుగాటి నంబరుతో.